బీదర్ దారి

కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో తెల్లవారితే ముందుగా వచ్చేది పాల ప్యాకెట్ల ఆటో. ఆ తరువాత నాంచారవ్వ లేస్తుంది. నాంచారవ్వ లేచాక దారి లేస్తుంది.

అవ్వ ఉండేది తొమ్మిదో అంతస్తులో. లిఫ్టు బాగుంటే లిఫ్టులో, మొరాయిస్తే మెట్ల మీదుగా, చాటలూ వెదురు బుట్టలూ నెత్తిన పెట్టుకుని దిగుతుంది. కాలనీ గేటు దాటి కాలు బయట పెట్టగానే సిమెంటు రోడ్డును పక్కకు నెట్టి పాత మట్టిదారి పైకొచ్చి ఆమె పాదాల ముందు పరుచుకుంటుంది. రెండు గాడిదలు పక్కపక్కన నడిచేంత వెడల్పు. నడిచి నడిచి నున్నబడిన దారి. దానికి ఏది అడ్డమొచ్చినా పక్కకు తప్పుకుంటుంది. ప్రహరీ గోడలైతే పడుకున్న బర్రె లేచినట్టు బద్ధకంగా లేచి జరుగుతాయి, అవ్వ దాటిపోయాక మళ్లీ తమ చోటికి పోయి పడుకుంటాయి. ఔటర్ రింగు రోడ్డు కట్ట రెండుగా విడిపోయి ఆమెకు తోవ ఇస్తుంది. పైన లారీలు ఏ కుదుపూ లేకుండా పోతూనే ఉంటాయి.

జనానికి ఇదంతా అలవాటే. తెల్లాపూర్ పక్కనున్న ఎత్తైన అపార్టుమెంట్లవాళ్లు బాల్కనీల్లో కాఫీ తాగుతూ "అవ్వ పోతోంది, పిల్లాణ్ని లేపు, బస్సు టైమైంది" అనుకుంటారు. పటాన్‌చెరు మందుల కంపెనీలో ఒడిశా నుంచి వచ్చిన కొత్త వాచ్‌మన్ మాత్రం మొదట్లో ఒకసారి సూపర్‌వైజర్‌ని అడిగాడు, గోడ జరిగితే తానేం చెయ్యాలని.

"మళ్ల దాని జాగల అది వొస్తుందా, లేదా?" అన్నాడు సూపర్‌వైజర్.

"ఆతా హై సాబ్."

"మరి నీకేంది పరేషాన్?"

అవ్వ ఎరుకల మనిషి. ఆమె అత్తమామలు గాడిదల మీద ఉప్పు మూటలు వేసుకుని ఊరూరా అమ్ముకుంటూ తిరిగేవాళ్లు. ఎదురుపడిన మనిషిని లోకమంతా "ఏ ఊరు మీది?" అని అడిగితే, వాళ్లు "ఏ దారి మీది?" అని అడుగుతారు. పెళ్లి సంబంధాలు కలుపుకునేటప్పుడూ అదే ప్రశ్న. ఒకే దారివాళ్లు అన్నదమ్ముల లెక్క, పిల్లనిచ్చుకోరు. నాంచారవ్వది నర్సాపూర్ దారి. మెట్టినాక ఆమెది బీదర్ దారి అయింది. ఆ దారిలో ఎన్ని ఊళ్లున్నా ఏ ఒక్కటీ వాళ్లది కాదు, దారి మొత్తం వాళ్లది. దారికి ఒకే ఒక నియమం ఉంది. ఎక్కడ వండుకుంటే అక్కడ మూడు రాళ్లూ, బూడిదా అట్లాగే వదిలి ముందుకు పోవాలి. పాత పొయ్యి దగ్గర మళ్లీ కూర్చోకూడదు. కూర్చుంటే దారి కూడా కూర్చుంటుంది. కూర్చున్న దారి ఇక లేవదు.

అవ్వ కొడుకు శివకుమార్ పెద్దయ్యేసరికి గాడిదలు పోయాయి, ఉప్పు ప్యాకెట్లలోకి వచ్చింది. అతను ఆ మందుల కంపెనీలోనే కాంట్రాక్టు కింద డ్రమ్ములు మోసే పనికి కుదిరాడు. అతని బిడ్డ హరిచందన. చదువులో చిచ్చరపిడుగు. ఆ ఏడు గిరిజన కోటాలో ఆమెకు ఎంబీబీఎస్ సీటు వచ్చింది. కాలనీలో ఆ బ్లాకంతా మిఠాయి తిన్నది.

నోటి తీపి పోకముందే కబురొచ్చింది. ఈ పిల్ల ఎరుకల పిల్ల కాదనీ, పక్క రాష్ట్రం వాళ్లనీ ఎవరో అర్జీ పెట్టారట. విచారణ తేలేదాకా సీటు ఆగుతుంది. కాలేజీలో చేరే గడువులోగా తేలకపోతే అది ఇంకొకరికి పోతుంది.

విచారణకు వచ్చినాయన మంచివాడే. ఇంట్లో చందనా లేదు, శివకుమారూ లేడు. అవ్వ ఒక్కతే కూర్చుని వెదురు చీలుస్తోంది. ఆయన నీళ్లు తాగి, చాట ఒకటి బేరం కూడా ఆడి, "అమ్మా, మీది ఏది?" అని అడిగాడు. ఊరన్న మాట నోట్లోనే మింగేశాడు. అవ్వకు వినపడిన ప్రశ్న వేరు. "బీదర్ దారి నాయనా" అంది గర్వంగా. ఆయన రాసుకున్నాడు: స్వగ్రామం, బీదర్.

దారి అన్న ఒక్క మాట జారిపోయింది. ఆ మాటతో పాటే చందన సీటూ జారిపోయేలా ఉంది.

సంగారెడ్డిలో కమిటీ ముందు పిలుపు. కమిటీకి పెద్ద హైమావతి అనే అధికారి. ఆమె నాన్న కోస్తా నుంచి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీకి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. బడి తరగతులు ఇక్కడ చదివింది కాబట్టి ఆమె ఇక్కడి మనిషే అని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఇక్కడిదాన్నని రుజువు చేసుకోవడానికి ఆమెకు ఏ పొయ్యీ చూపించాల్సిన అవసరం రాలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కాబోలు కాగితాలు ఒకటికి రెండుసార్లు చదువుతుంది.

పక్కనున్న ఒక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "గిరిజనులకు కొన్ని లక్షణాలు ఉంటాయి మేడం. వేరైన ఆచారాలు, మారుమూల నివాసం, బయటివాళ్లతో కలవడానికి బిడియం. ఈ అమ్మాయిని చూస్తే..."

ఆ అమ్మాయిని చూస్తే కాలేజీ ఉపన్యాస పోటీల్లో వరసగా మొదటి బహుమతి కొట్టిన పిల్ల. బిడియం ఆమె దరిదాపులకు కూడా రాలేదు. "నాకు సిగ్గు లేదని సీటు తీస్తరా సార్?" అని అడిగేసింది. శివకుమార్ వెనక నుంచి బిడ్డ చున్నీ పట్టి లాగాడు.

హైమావతి నవ్వు ఆపుకుంది. "అది ఒక్కటే చూసి తేల్చకూడదులెండి" అని ఆయనతో అని, చందన వైపు తిరిగింది. "ఇక్కడ చిక్కు వేరే ఉందమ్మా. ఈ జిల్లాల్లో ఎరుకలవాళ్ల పేరు గిరిజనుల జాబితాలోకి వచ్చిన ఏడాది ఒకటుంది. అప్పటికి మీ కుటుంబం ఇక్కడ నివాసం ఉండాలి. బీదర్ అవతలి రాష్ట్రం. మీవంటివాళ్లే అక్కడ ఇంకో పేరుతో, ఇంకో జాబితాలో ఉన్నారు. అక్కడివాళ్లయితే ఇక్కడ ఈ కోటా చెల్లదు."

"ఒక్కటే మనుషులు గదా మేడం. సరిహద్దు రాయి దాటితే ఇంకొకలం అయితమా?"

"కాగితం మీద అవుతారు." ఆ మాట అంటుంటే హైమావతి గొంతు తగ్గింది. "చట్టానికి మనిషి కంటే ముందు ఊరు కనపడుతుందమ్మా."

అప్పటిదాకా కిటికీలోంచి బయటి ఎండ చూస్తున్న నాంచారవ్వ మాట్లాడింది. "ఏ యాడాది అంటున్నవు బిడ్డా?"

హైమావతి ఏడాది చెప్పింది. అవ్వకు అంకెలు అక్కరకు రావు. కానీ ఆ ఏడు మృగశిర కార్తెలో కురిసిన వాన గురించీ, వాగులు పొంగడం గురించీ చెబితే తలూపింది.

"నా కొడుకు పుట్టింది అప్పుడే. నడుస్తుంటె నొప్పులొచ్చినయి. పొయ్యి కాడ్నే కన్న. గాడిదలు సుట్టు నిలవడ్డయి, వాన తగలకుండ. లిస్టుల మన పేరెక్కిందని పురుడెళ్లకముందే ఎవరో వచ్చి చెప్పిండ్రు. గదేందో అప్పుడు మాకు సమజ్ గాలే."

"ఎక్కడమ్మా అది? సరిహద్దుకు ఇవతలా, అవతలా?"

"అప్పుడు మాకు అంచు యాడిది బిడ్డా? రాయి లేదు, తీగ లేదు. నాకు యాదికి లేదు." అవ్వ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. "దారికైతె ఎరుకే."

గదిలో ఎవరూ నవ్వలేదు. దారి సంగతి అందరికీ తెలిసిందే. గుమాస్తా అనిల్ మాత్రం "దారి సాక్ష్యం చెల్లుతుందా మేడం?" అని మెల్లగా అడిగాడు.

"స్థల విచారణ చెల్లుతుంది" అంది హైమావతి. "రేపు పొద్దున నేనే వస్తాను."

మర్నాడు ఆమె జీపు కొల్లూరు గేటు దగ్గర ఆగింది. ఆ రోజు అవ్వ నెత్తిన చాటలు లేవు. కాలు బయటపెట్టి, "ఇయ్యాల అంగడికి గాదు. నా కొడుకు పుట్టిన కాడికి" అంది నేలతో.

దారి కాసేపు లేవలేదు. పక్కనే ఉన్న చందన వంగి నేలను చూసింది. తరువాత సిమెంటు పక్కకు ఒదిగింది, మట్టి పైకొచ్చింది. కానీ రోజూ వచ్చే పొడి మట్టి కాదు. అప్పుడే వాన వెలిసినట్టు తడి మట్టి, దాని మీద గాడిద గిట్టల గుర్తులు, ఆ గుర్తుల్లో నీళ్లు.

జీపు ఆ దారి మీద నడవదు కాబట్టి హైమావతి దిగి నడిచింది, వెనకే కాగితాల కట్టతో అనిల్. రింగు రోడ్డు కట్ట విడిచిన సందులోంచి దాటేటప్పుడు రెండు వైపులా ఎర్రమట్టి గోడలు ఊపిరి పీల్చుకోవడం ఆమెకు వినపడింది. పంటల పరిశోధన క్షేత్రంలోని జొన్నచేలు నిలువునా పాయ తీసి దారిచ్చాయి, గింజ రాల్చలేదు. హైవే మీద బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి, కానీ దారిలో మాత్రం చెట్ల మీంచి చుక్క చుక్కగా వాననీరు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అక్కడక్కడా మట్టిలో ఉప్పు రాళ్లు మెరిశాయి. హైమావతి వంగి ఒకటి తీసి నాలుకకు తాకించుకుంది. తరువాత ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి చేత పట్టుకుంది. చదివిన చట్టాలన్నీ ఆమెకు గుర్తున్నాయి. వాటిలో ఎక్కడా ఈ ఉప్పు రుచి లేదు.

పటాన్‌చెరు దగ్గర దారి చీలింది. ఒక పాయ అంగడికి, రోజూ పోయేది. ఇంకో పాయ పడమటికి, బీదర్ వైపు. గిట్టల గుర్తులు పడమటి పాయలోకి పోయాయి.

చందన అక్కడే నిలబడిపోయింది. పడమటికి పోతే అయిపోయినట్టే. ఇంకెన్ని కోసులు పోవాలో, ఏ రాయి దాటాలో! డాక్టరు కోటు వేసుకున్నట్టు అద్దంలో చూసుకున్న రోజులన్నీ ఒక్కసారి కళ్లలో తిరిగాయి. "అవ్వా, ఇగ ఆపేద్దాం. వాపస్ పోదాం" అంది.

"నడు బిడ్డా. పుట్టిన జాగ యాడుంటె ఆడ్నే ఉంటది. మనం బుగులు పడితె జరుగుతదా?"

దారి పడమటికి కొంచెం దూరం పోయింది. పోయి, నీళ్ల కుండ దించుకోవడానికి వంగిన మనిషిలా ఒక పక్కకు ఒరిగి, ఎడమకు తిరిగింది. ఎదురుగా మందుల కంపెనీ ప్రహరీ. అంగడి పాయ రోజూ దాటేది దీని అవతలి మూలనే. గోడ లేచి జరిగింది. వాచ్‌మన్ అలవాటు ప్రకారం అవ్వకు దండం పెట్టాడు, వెనకనున్న మేడంను చూసి సెల్యూట్ కూడా కొట్టాడు.

లోపల డ్రమ్ముల యార్డు. నీలం చొక్కా, నెత్తిన పసుపు హెల్మెట్‌తో శివకుమార్ డ్రమ్ము దొర్లిస్తూ వీళ్లను చూసి ఆగిపోయాడు. దారి అతని కాళ్ల దాకా వచ్చింది. డ్రమ్ములు వాటంతటవే అటూ ఇటూ దొర్లాయి. కాంక్రీటు పెరుగు మీది మీగడలా ముడుచుకుని పక్కకు పోయింది. కింద మూడు రాళ్లు. నల్లగా మసిబారిన రాళ్లు. వాటి మధ్య బూడిద. అవ్వ వంగి ఊదగానే బూడిద కింద నిప్పు కణిక కన్ను తెరిచింది.

శివకుమార్ హెల్మెట్ తీశాడు. "అమ్మా, నేను రోజూ బువ్వ తినేది గీడ్నే. చలికాలం గూడ గీ జాగ వెచ్చగుంటదని కూసుంటుంటి."

నాంచారవ్వ కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్లుగా ఆమె పురిటి పొయ్యి దగ్గరే కూర్చుని అతను సద్ది తిన్నాడు. నడుమ కాంక్రీటు ఉండబట్టి ఆ కూర్చోవడం దారికి తగల్లేదు. అతన్ని కన్న నాటి వేడి ఇంకా అక్కడే కాచుకుని ఉంది. అవ్వకు ఏడుపు ఆగలేదు. అది చూసి చందనా ఏడ్చింది. అనిల్ అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఎవరు ఎవరో, ఎక్కడి నుంచి వచ్చారో ఆ క్షణాన ఎవరికీ పట్టలేదు. వాన వాసన, పొగ వాసన, పచ్చి బాలింత వాసన ఆ మందుల వాసనను కప్పేశాయి.

"ఇది మన జిల్లానే" అంది హైమావతి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఇవతలే."

అనిల్ పంచనామా రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. "మేడం, ఇక్కడ 'నివాసం' అని రాయాలి. వీళ్లు ఆగింది ఒక పూటో, రెండు పూటలో. దారిలో ఆగినదాన్ని నివాసం అంటారా? రేపు మళ్లీ ఎవరైనా అడిగితే?"

హైమావతి కాగితం మీది ఆ ఖాళీని చూసింది. ఆ ప్రశ్న ఆమెకు పొద్దుటి నుంచీ తెలుసు.

"నివాసమంటె ఏంది బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"ఒకచోట కుదురుగా కూర్చుని బతకడం అవ్వా. మాది ఇదీ అని" అంది హైమావతి.

"కూసుంటెనేనా?"

"చట్టం అట్లాగే అంటుంది. నడిచేవాళ్లు దానికి కనపడరు. నన్ను క్షమించు అవ్వా."

అవ్వ ఆ మూడు రాళ్లను చూసింది. తరువాత వచ్చిన దారి వైపు చూసింది. ఆ చూపు అర్థమైంది చందన ఒక్కతికే. పరుగెత్తుకొచ్చి అవ్వ రెక్క పట్టుకుంది.

"వద్దవ్వా! పాత పొయ్యి కాడ కూసోవద్దని నువ్వే చెప్పినవు గదా. నాకు గీ సీటొద్దు. వచ్చే ఏడు మళ్ల రాస్త. జనరల్‌ల రాస్త. దారి పోతె ఎట్లవ్వా?"

"దారి దేనికి బిడ్డా?"

చందన అవ్వ రెక్క వదల్లేదు.

"నడిచి పోనీకె. ఎప్పటికి నాతోనే ఉంటదా దారి? మా అత్త పోయింది, మామ పోయిండు, గాడిదలు పోయినయి. నేను గూడ పోత. ఎవరికియ్యాలె గీ దారిని? నువ్వు చాటలమ్మ పోతవా?" అవ్వ మనవరాలి చెంప నిమిరింది. "మా కులపోళ్లను చూస్తె దవాఖానల ముక్కు మూసుకునేటోళ్లు. నువ్వు గాడ డాక్టరు కుర్చీల కూసోవాలె. నువ్వు కూసోవాలంటె ముందుగాల నేను కూసోవాలె. గంతే."

హైమావతి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆపాలని ఉంది. ఆపితే ఆ పిల్ల సీటు పోతుంది. ఆమె చేతిలో అధికారముంది కానీ ఈ పనికి పనికొచ్చే అధికారం కాదు.

నాంచారవ్వ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. పీట మీద కూర్చునే పెళ్లికూతురంత జాగ్రత్తగా, మూడు రాళ్ల పక్కన, నేల మీద కూర్చుంది.

మొదట ఏమీ కాలేదు. తరువాత పడమటి నుంచి గంటల చప్పుడు వినిపించింది. గాడిదల మెడల్లోని గంటలు. బీదర్ కోట కింద నుంచి, జహీరాబాదు మీదుగా, సదాశివపేట మీదుగా దారి తన్ను తాను చాపలా చుట్టుకుంటూ వస్తోంది. దాని మీద నడిచినవాళ్లందరూ దానితో పాటే వచ్చారు. ఉప్పు మూటలు, చంకలో పిల్లలు, కోళ్ల గంపలు, ముసలివాళ్ల దగ్గు, ఎవరిదో నవ్వు, గాడిదను అదిలించే ఎవరిదో మగ గొంతు. ఎవరూ కనపడలేదు, కానీ ఒక్కొక్కరు పక్క నుంచి పోతుంటే చందన భుజానికి తగిలింది. ఎవరిదో ఒక ముసలి చెయ్యి ఆమె నెత్తి మీద ఆగి, దీవించి, ముందుకు పోయింది. యార్డులో పనివాళ్లంతా డ్రమ్ములు వదిలి నిలబడ్డారు. బిహారువాళ్లు, ఒడిశావాళ్లు, ఇక్కడివాళ్లు, అందరూ హెల్మెట్లు తీసి చేత పట్టుకున్నారు. వాళ్లందరికీ తమ తమ దారులేవో గుర్తొచ్చి ఉంటాయి.

గంటల చప్పుడు మూడు రాళ్ల మధ్యకు వచ్చి ఆగింది. కణిక ఒకసారి ఎర్రగా వెలిగి, చల్లారింది. బూడిద మామూలు బూడిద అయింది. కాంక్రీటు మళ్లీ కమ్ముకోలేదు. ఆ జాగా అంతవరకూ మట్టిగానే మిగిలింది.

"రాసుకో బిడ్డా" అంది అవ్వ. "మాది గీ ఊరు."

అనిల్ ఇంకా పడమటి వైపే చూస్తుంటే హైమావతి కాగితం తీసుకుని తానే రాసింది. స్వగ్రామం అన్నచోట పటాన్‌చెరు అని రాసి, అవ్వ వేలు తన చేత్తో పట్టుకుని ముద్ర వేయించింది. "రేపటికల్లా ఉత్తర్వు వస్తుందమ్మా. వెళ్లి కాలేజీలో చేరు" అంది చందనతో. చేతిలోని చెప్పులు వేసుకోవడం మర్చిపోయి జీపు కోసం హైవే వైపు నడిచింది.

శివకుమార్‌కు షిఫ్టు ఇంకా మిగిలి ఉంది. అవ్వా, మనవరాలూ ఇంటికి బయలుదేరారు. అవ్వ రోజుటి అలవాటు కొద్దీ తిన్నగా ప్రహరీ గోడ దాకా పోయి నిలబడింది. గోడ లేవలేదు. అవ్వ కాసేపు చూసింది. పడుకున్న బర్రెను తట్టినట్టు చేత్తో రెండుసార్లు తట్టింది. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. వాచ్‌మన్ తల దించుకున్నాడు.

చందన అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాంచారవ్వ మాత్రం గోడను ఎగాదిగా చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇగ మనకు గూడ ఒక ఊరైంది బిడ్డా" అంది. "పా, సుట్టు తిరిగి పోదాం."